ట్యూబింగెన్‌లో 82 రోజులు: అడ్వాన్సు పట్టుకున్న యజమాని, మెట్లు తుడవడం నేర్పిన పెద్దావిడ

నా అడ్వాన్సులో 120 యూరోలు నేటికీ తిరిగి రాలేదు. యూరో 90 రూపాయలున్న ఆ రోజుల లెక్కన అది 10,800 రూపాయలు. జర్మనీలో వేసవి గడపడానికి బయలుదేరే మన విద్యార్థులు విమానం టికెట్టు మీదా వీసా కాగితాల మీదా పెట్టే శ్రద్ధ అద్దె గది మీద పెట్టరు. నేనూ పెట్టలేదు. అందుకే ఆ గది సంగతి వివరంగా రాస్తున్నాను. అదే ఇంట్లో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ నాకు చేసిన మేలు కూడా అంతే వివరంగా రాయాలి. ఆవిడ లేకపోతే నా నష్టం 120 యూరోలతో ఆగేది కాదు.

ఎమ్మెస్సీ జీవరసాయన శాస్త్రం మొదటి ఏడాది పూర్తికాగానే, 2023 మే 11 నుంచి జులై 31 వరకు ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలోని ఒక ప్రయోగశాలలో పనిచేసే అవకాశం నాకు వచ్చింది. నెలకు 850 యూరోల భత్యం ఇచ్చారు. విమానం ఖర్చు 68,000 రూపాయలు మాత్రం నేనే పెట్టుకున్నాను. ట్యూబింగెన్ జర్మనీకి నైరుతి మూలన, స్టుట్‌గార్ట్ నుంచి రైల్లో గంట ప్రయాణంలో, నెకర్ నది ఒడ్డున ఉంది. 1477లో స్థాపించిన విశ్వవిద్యాలయం చుట్టూ అల్లుకున్న పాత ఊరు అది. సుమారు 90 వేల జనాభాలో దాదాపు మూడో వంతు విద్యార్థులే కావడంతో అద్దె గదులకు ఎప్పుడూ కరువే. మా విశ్వవిద్యాలయం నుంచే భౌతికశాస్త్రం చదివే వరంగల్ మిత్రుడొకడు నాతో పాటు వచ్చాడు. అతనికి ఊరికి ఉత్తరాన కొండ మీద, వాల్డ్‌హాయ్‌జర్ ఓస్ట్ అనే విద్యార్థి వసతి గృహాల సముదాయంలో గది దొరికింది. నా పేరు నిరీక్షణ జాబితాలోనే ఉండిపోయింది కాబట్టి నేను బయట గది వెతుక్కోవలసి వచ్చింది.

గదుల ప్రకటనలు చూసి 37 మందికి జర్మన్‌లో ఉత్తరాలు రాస్తే నలుగురు జవాబిచ్చారు, ఒక్కరు ఒప్పుకున్నారు. నెకర్‌కు దక్షిణాన, రైల్వే స్టేషనుకు పావుగంట నడక దూరంలో, మూడంతస్తుల పాత ఇంట్లో, వాలు పైకప్పు కింద 12 చదరపు మీటర్ల గది అది. వంటిల్లు, స్నానాలగది పక్క గదిలో ఉండే పరిశోధక విద్యార్థితో ఉమ్మడి. నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ కలిపి అద్దె నెలకు 430 యూరోలు, అడ్వాన్సు 600. జర్మన్ పౌర స్మృతి 551వ సెక్షన్ ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అసలు అద్దెను మించకూడదు కాబట్టి ఆ మొత్తంలో తప్పు లేదు. తప్పు మరో రెండు చోట్ల జరిగింది. నేను మే 11న దిగుతున్నానని ముందే చెప్పినా మే నెల మొత్తానికీ అద్దె తీసుకున్నారు. రెండోది ఇంకా పెద్దది. తాళాలు చేతులు మారేటప్పుడు గదిలో ఏది ఎలా ఉందో రాసి ఇరుపక్షాలూ సంతకం చేసే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని జర్మన్‌లో ఊబర్‌గాబె ప్రోటోకోల్ అంటారు. యజమాని దాన్ని రాయలేదు, అడగాలని నాకు తెలియదు. వేరే ఊళ్లో ఉండే ఆయన ఆ సాయంత్రం కారులో వచ్చి, పది నిమిషాల్లో తాళాలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. వంటబల్ల మీద అప్పటికే కత్తి గీతలున్నాయి. స్నానాలగది అద్దానికి తెల్లటి సున్నపు పొర పట్టి ఉంది. ఫోను చేతిలోనే ఉన్నా వాటిలో దేనికీ ఫోటో తీసుకోలేదు.

మా మిత్రుడి గది అద్దె 345 యూరోలు. అక్కడ పదకొండు మందికి ఒకే వంటిల్లు. సాయంత్రం ఏడింటికి నాలుగు పొయ్యిల దగ్గర వంతు కోసం నిలబడాలి, ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు డబ్బా మర్నాటి వరకు ఉంటుందన్న నమ్మకం లేదు, రాత్రి ఆలస్యమైతే కొండ మీదికి బస్సు కోసం అరగంట ఎదురుచూడాలి. అయినా నా సలహా వసతి గృహమే. అతను దిగిన రోజునే అక్కడి సంరక్షకుడు అచ్చు కాగితం పట్టుకుని గది అంతా తిరిగి, కుర్చీ కాలి మీది గీతతో సహా రాయించి సంతకం తీసుకున్నాడు. ఖాళీ చేసేటప్పుడు అదే కాగితంతో సరిచూసి, అడ్వాన్సు ఒక్క సెంటు కూడా తగ్గకుండా పంపించారు. నెలకు 85 యూరోల తేడా, దాని మీద ఈ నిశ్చింత. కాబట్టి ఎంత ముందుగా వీలైతే అంత ముందుగా, ఆహ్వాన పత్రం రాగానే, వసతి గృహానికి దరఖాస్తు చేయండి.

మొదటి నెలలో మమ్మల్ని ఇబ్బంది పెట్టినవి సెలవులు. ఆదివారం దుకాణాలు తెరవరని తెలుసు. మే 18 గురువారం ఆరోహణ దినమనీ, మే 29 పెంతెకొస్తు మర్నాటి సోమవారమనీ, జూన్ 8 గురువారం ఫ్రోన్‌లైఖ్‌నాం అనే కతోలిక పండుగ అనీ, ఆ మూడు రోజులూ పాల ప్యాకెట్టు కొనాలన్నా దుకాణం ఉండదనీ మాత్రం తెలియదు. మే 18 ఉదయం మా మిత్రుడు ఆకలితో కొండ దిగి నా గదికి వచ్చాడు. నా దగ్గర అరకప్పు బియ్యం, అమ్మ ఇచ్చిన కందిపొడి తప్ప ఏమీ లేవు. స్టేషనులో మాత్రం దుకాణాలు తెరిచి ఉంటాయని తెలుసుకుని వెళ్లి, ఇద్దరం రెండు శాండ్‌విచ్‌లకు 11 యూరోల 40 సెంట్లు, ఒక నీళ్ల సీసాకు 3 యూరోల 20 సెంట్లు ఇచ్చుకున్నాం. అతనికి మొదటి కొన్ని వారాలు అసలు మనసు బాగాలేదు. ప్రతి ఖర్చునూ రూపాయల్లోకి మార్చి పైకి చెప్పేవాడు, నేను జర్మన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతుంటే పక్కకు తిరిగి నిలబడేవాడు, రాత్రి ఫోను చేసి తిరిగి వెళ్లిపోతే వీసా ఖర్చు పోయినట్లేనా అని అడిగేవాడు. బయలుదేరే ముందు మీరు వెళ్లే జర్మన్ రాష్ట్రం సెలవుల పట్టిక తీసుకుని వంటింటి గోడకు అంటించుకోవడం ఇలాంటి రోజులను తప్పించే చిన్న పని. సెలవులు రాష్ట్రానికీ రాష్ట్రానికీ మారతాయి కాబట్టి దేశం మొత్తానికి ఉన్న పట్టిక సరిపోదు.

పెద్దావిడతో నా పరిచయం ఒక తప్పుతో మొదలైంది. మే 21 ఆదివారం, పగలు పదకొండు గంటలు. అంతకు ముందు వారం పాతసామాన్ల సంతలో 12 యూరోలకు కొన్న మిక్సీలో పల్లీలు, ఎండుమిరపకాయలు వేసి చట్నీ తిప్పుతున్నాను. రెండో తిప్పుకే తలుపు తట్టిన చప్పుడైంది. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న, డెబ్బై దాటిన ఆవిడ, మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుని, నెమ్మదిగా, నాకు అర్థమయ్యే జర్మన్‌లో అన్నారు: "ఈ రోజు ఆదివారం. మీకు తెలుసా?" నేను తెలుసన్నాను. ఆదివారం పగలంతా, మిగతా రోజుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఇరుగుపొరుగుకు వినిపించే చప్పుడు చేయకూడదని, అది తన ఒక్కరి పట్టుదల కాదని, ఇంటి నియమాల కాగితం కింద తలుపు వెనక అంటించి ఉంటుందని చెప్పారు. నేను క్షమించమని అడిగి, సగం నలిగిన చట్నీలో ఒక చెంచా తీసి రుచి చూడమన్నాను. ఆవిడ చూశారు, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకో అర చెంచా అడిగి తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ మరో మాట అన్నారు. వచ్చే వారం మెట్ల వంతు మీ అంతస్తుది, సామాను ఉందా అని.

ఆ వంతు పేరు కేర్‌వొహె, అంటే ఊడ్చే వారం. ట్యూబింగెన్ ఉన్న స్వాబియా ప్రాంతంలో ఉమ్మడి ఇళ్లలో మెట్లు, వరండా, వాకిలి శుభ్రం చేయడానికి పనివాళ్లను పెట్టుకోరు, అద్దెకున్నవారే వంతులవారీగా చేసుకుంటారు. ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన గడ్డం ఎబెర్‌హార్డ్ ప్రభువే 1492లో స్టుట్‌గార్ట్‌కు రాసిచ్చిన నగర నియమాల్లో ఎవరి చెత్త వారు వారం వారం బయటికి తీసుకుపోవాలని విధించాడని, ఈ అలవాటుకు మూలం అదేనని అక్కడివారు చెప్పుకుంటారు. మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఒక చిన్న చెక్క పలక తలుపు పిడికి వేలాడేది. అది వేలాడితే ఆ వారం మన వంతు. మొదటిసారి నేను చీపురుతో ఊడ్చి తడిబట్టతో తుడిచి పని అయిందనుకున్నాను. ఆవిడ వచ్చి చేతిపట్టె కింది భాగం మీద వేలు పెట్టి నల్లటి దుమ్ము చూపించారు. పై మెట్టు నుంచి కిందికి రావాలి, ప్రతి మెట్టు మూలనూ బట్ట చివర చూపుడు వేలికి చుట్టుకుని తిప్పాలి, నాలుగు మెట్లకోసారి బకెట్టులో నీళ్లు మార్చాలి, చివర గుమ్మం ముందున్న పట్టాను వీధిలో కాక పెరట్లో దులపాలి. ముప్పై నాలుగు మెట్లకు నాకు ఆ రోజు గంటా పది నిమిషాలు పట్టింది. ఆ తరవాతి వంతుల్లో నలభై నిమిషాలకు వచ్చింది. పక్క గది పరిశోధకుడు తరచూ ఊళ్లో ఉండడు కాబట్టి మా అంతస్తుకు వచ్చిన ప్రతి వంతూ నేనే చేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత దీనితో పని ఉంది.

జర్మన్‌లో 'జీ' అంటే మన మీరు, 'డూ' అంటే మన నువ్వు. హైదరాబాదులో జర్మన్ తరగతిలో ఇది మొదటి వారమే అర్థమైపోయింది, ఎందుకంటే ఆ తేడా మనకు మాటలతోపాటే వస్తుంది. అయితే ఒక్క చోట మన పద్ధతి అక్కడ చెల్లదు. మా వీధిలో పెద్దవాళ్లు నన్ను నువ్వంటారు, నేను వాళ్లను మీరంటాను, అందులో ఎవరికీ ఏ లోటూ లేదు. పెద్దలైన జర్మన్లు ఒకరినొకరు అలా పిలుచుకోరు. ఇద్దరూ మీరనుకోవాలి, లేదా ఇద్దరూ నువ్వనుకోవాలి, ఆ మార్పును అడిగే హక్కు పెద్దవారిది. జూన్ ఆఖరి వారంలో ఒక సాయంత్రం ఆవిడ తన వంటింట్లో కాఫీ పోసి, ఇంటిపేరు కాకుండా తన సొంత పేరు చెప్పి, చెయ్యి చాపారు. ఇక నుంచి నన్ను నువ్వనాలి అన్నారు. ఆ చెయ్యి అందుకున్నాను గానీ మా నాయనమ్మ వయసున్న పరాయి మనిషిని పేరు పెట్టి, నువ్వని పిలవడానికి నాలుక తిరగలేదు. రెండు రోజులపాటు నువ్వూ మీరూ రెండూ లేకుండా వాక్యాలు కూర్చుకుని మాట్లాడాను. మూడో రోజు ఆవిడే అడిగారు, నేను నీకు నచ్చలేదా అని. మీరని పిలవడం దూరం పెట్టడమని ఆవిడకు తోచింది. మాకు అది గౌరవమని, పెద్దవారికి మేమిచ్చే చోటు అదేనని నాకు వచ్చిన జర్మన్‌లో చెప్పుకున్నాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఇక్కడ గౌరవం మెట్లు తుడవడంలో ఉంటుంది, అది నువ్వు చేస్తున్నావు కదా అన్నారు. ఆ రోజు నుంచి నువ్వనే పిలిచాను. తెలుగులో రాసేటప్పుడు మాత్రం ఆవిడ అని కాక మరోలా రాయలేను.

ఆవిడ ఇంట్లో జూన్ 11 ఆదివారం తిన్న భోజనమే ఆ 82 రోజుల్లో నేను తిన్న అన్ని భోజనాల్లోకీ మేలైనది. లిన్జెన్ మిట్ ష్పెట్స్‌లె అని స్వాబియావారి వంటకం. చిన్న గింజల గోధుమరంగు పప్పును ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలతో చిక్కగా ఉడికిస్తారు. దానితో కలిపి తినే ష్పెట్స్‌లె కోసం గుడ్డు కలిపిన మెత్తటి పిండిని చిన్న చెక్క పలక మీద పరిచి, కత్తితో సన్నగా గీరుతూ మరిగే నీళ్లలోకి వదులుతారు. పిండి తీగలు మునిగి, మళ్లీ పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీస్తారు. ఆవిడ చేయి ఎంత వేగంగా కదిలిందంటే పలక ఖాళీ కావడానికి నిమిషం పట్టలేదు. పంది మాంసం సాసేజి నేను తిననని ముందే చెప్పడంతో దాన్ని వేరే గిన్నెలో పెట్టారు. బల్ల మధ్యలో వెనిగర్ సీసా ఉంది. పప్పులో ఎవరికి కావలసినంత వారు పోసుకోవాలి. ఒక చెంచా పోసుకుని కలిపి నోట్లో పెట్టుకోగానే, పప్పులో పులుపు తగిలిన ఆ రుచికి నాకు మా ఇంటి పప్పుచారు గుర్తొచ్చింది. చింతపండుకు బదులు వెనిగర్, అన్నానికి బదులు గోధుమపిండి తీగలు, అంతే తేడా. ఆ పప్పు దగ్గర్లోని ష్వేబిష్ ఆల్ప్ కొండల మీద పండినదని, గిట్టుబాటు కాక రైతులు దాన్ని పూర్తిగా మానేశారని, పాత విత్తనం పోయిందనుకున్న తరుణంలో 2006లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వవిలోవ్ విత్తన భాండాగారంలో దొరికిందని, అక్కడి నుంచి తెచ్చి మళ్లీ పండిస్తున్నారని ఆవిడ చెప్పారు. అర కిలో ప్యాకెట్టు అప్పట్లో 6 యూరోలకు దగ్గరగా ఉండేది, ఆసియా సరుకుల దుకాణంలో కిలో కందిపప్పు నాకు 4 యూరోల 50 సెంట్లకే దొరికింది. అయినా ఒకసారైనా ఆ పప్పు కొని వండుకోండి.

మిగతా తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. మెన్జా అనే విశ్వవిద్యాలయ భోజనశాలలో విద్యార్థికి ఒక ధర, ఉద్యోగికి ఒకటి, అతిథికి మరొకటి. నాకు కార్డు రావడానికి ఎనిమిది రోజులు పట్టడంతో అప్పటివరకు 4 యూరోల లోపు దొరికే భోజనానికి అతిథి ధర 7 యూరోల పైన కట్టాను, కాబట్టి మొదటి రోజునే కార్డు గురించి అడగండి. బేకరీల్లో బ్రెట్‌జెల్ అనే ముడి ఆకారపు రొట్టె అప్పట్లో యూరోకు అటూ ఇటూ ఉండేది, కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి, జేబులో చిల్లర ఉంచుకోండి. ప్లాస్టిక్ సీసా ధరతో పాటు అడ్వాన్సుగా పట్టుకునే 25 సెంట్లు, ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తాయి. ట్యూబింగెన్‌లో మాత్రమే ఎదురైన ఖర్చు ప్యాకింగ్ పన్ను. 2022 జనవరి నుంచి ఆ ఊళ్లో వాడి పారేసే కప్పుకో డబ్బాకో 50 సెంట్లు, చెంచాకో ఫోర్కుకో 20 సెంట్లు పన్ను ఉంది, దుకాణాలవారు దాన్ని ధరలో కలిపేస్తారు. మేమున్నప్పుడే, మే 24న, సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం ఆ పన్ను చెల్లుతుందని తీర్పు ఇవ్వడంతో ల్యాబ్‌లో రెండు రోజులు అదే చర్చ. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుని తిరిగాను. టర్కీవారి కొట్లో ఆ డబ్బా నిండా అన్నం, కూరగాయలు పెట్టి మూత బిగించి ఇచ్చేవారు. వారానికి రెండుసార్లు లెక్కన ఈ డబ్బా వల్లే పది యూరోల పైన మిగిలింది.

రైళ్ల విషయంలో మాకు అదృష్టం కలిసొచ్చింది. అప్పట్లో నెలకు 49 యూరోలకు దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లు ఎక్కగలిగే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మే 1నే మొదలైంది. ఉల్మ్, ఫ్రైబుర్గ్, హైడెల్‌బెర్గ్, కోన్‌స్టాన్స్ ఊళ్లన్నీ దానితోనే చూశాం, అన్నీ బాగున్నాయి. అయితే అది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా. మానుకోవాలంటే ఆ నెల 10వ తేదీలోగా చెప్పాలి. మా మిత్రుడు జులై 14న గుర్తొచ్చి రద్దు చేయబోతే ఆగస్టు డబ్బు కూడా పోయింది. అతనికే మరో కష్టం కూడా ఎదురైంది. జూన్‌లో హోహెన్‌ట్సోలెర్న్ కోటను కొండ కింద నుంచి చూసి దగ్గర్లోని హెహింగెన్ ఊరి నుంచి తిరిగొస్తుంటే, తనిఖీ అధికారి వచ్చే సమయానికి అతని ఫోను ఆరిపోయింది. టికెట్టు ఫోనులోనే ఉంది. నా ఛార్జరు పెట్టి రెండు నిమిషాలు ఆగమని వేడుకున్నా ఆ అధికారి వినలేదు. పేరు, పాస్‌పోర్టు నంబరు రాసుకుంటూ, చదువుకున్నవాళ్లకు బ్యాటరీ చూసుకోవడం తెలియదా అని చుట్టుపక్కలవారికి వినిపించేలా అన్నాడు. 60 యూరోల జరిమానా కాగితం చేతిలో పెట్టాడు. మా మిత్రుడు ట్యూబింగెన్ వచ్చేవరకు ఒక్క మాట మాట్లాడలేదు. నిబంధన ఏమిటంటే, టికెట్టు మన పేరు మీద ఉండి ఆ సమయంలో చూపలేకపోతే, తరవాత కౌంటరులో చూపించి 7 యూరోలు కట్టి బయటపడవచ్చు. ఆ మాట ఆ అధికారి చెప్పలేదు, కాగితం వెనక చిన్న అక్షరాల్లో నేను చదివాను. మర్నాడే వెళ్లి 7 యూరోలతో తేల్చుకున్నాం.

అతని దిగులును పోగొట్టింది నెకర్ నది. జూన్ 8 పండుగ నాడు మధ్యాహ్నం అక్కడ ష్టోహర్‌కాన్ పడవల పందెం జరిగింది. అవి మన గోదావరి పడవల్లా వెడల్పుగా ఉండవు. బల్లపరుపు అడుగుతో, సన్నగా, పొడవుగా ఉంటాయి, వెనక నిలబడ్డ ఒక్కరు పొడవాటి గడ కర్ర నదీగర్భంలో గుచ్చి తోస్తారు. విద్యార్థి సంఘాలవారు వింత వేషాలు వేసుకుని వస్తారు. వంతెన స్తంభం దగ్గర ఇరుకులో పడవలన్నీ ఒకదానిమీదొకటి పడతాయి, అక్కడే జనం అరుపులు మిన్నంటుతాయి. చివర వచ్చిన జట్టులోని ప్రతి ఒక్కరూ అర లీటరు కాడ్ చేప కాలేయపు నూనె తాగాలి, మరుసటి ఏటి పందెం నిర్వహణ కూడా వాళ్లదే. ఒడ్డున మాకు చోటిచ్చిన విద్యార్థులు మా మిత్రుడిని వాళ్ల పడవలో సాయంత్రం కూర్చోబెట్టుకుని, గడ చేతికిచ్చారు. రెండుసార్లు గడ బురదలో ఇరుక్కుంది, మూడోసారి పడవ కదిలింది. ఆ రాత్రి ఫోను చేసి గడ ఎంత కోణంలో గుచ్చితే ఎంత తోపు వస్తుందో పావుగంట చెప్పాడు. ఆ తరవాత తిరిగి వెళ్లిపోతానన్న మాట ఎత్తలేదు.

నాకు అలాంటి రోజు జూన్ 24. ఊరి కొండ మీది హోహెన్‌ట్యూబింగెన్ కోటలో పాత వంటశాల ఉంది. కోటలో ప్రభువులు లేని కాలంలో విశ్వవిద్యాలయం దాన్ని రసాయన ప్రయోగశాలగా మార్చింది. ఫెలిక్స్ హోప్పె-జైలర్ అనే శాస్త్రవేత్త అక్కడ పనిచేసే కాలంలోనే రక్తంలోని ఎర్ర పదార్థానికి హీమోగ్లోబిన్ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి వచ్చిన ఫ్రీడ్రిఖ్ మీషర్, 1869లో, ఆసుపత్రి నుంచి తెప్పించుకున్న చీము కట్లను కడిగి, ఆ కణాల కేంద్రకాల నుంచి న్యూక్లీన్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. మనం ఇప్పుడు డీఎన్ఏ అంటున్నది అదే. పంది జీర్ణాశయం నుంచి తీసిన పెప్సిన్ అనే ఎంజైముతో ప్రోటీన్లను కరిగించడం అతను ఎంచుకున్న మార్గం. నేను ప్రతిరోజూ ల్యాబ్‌లో కొనుక్కొచ్చిన కిట్టుతో ముప్పావుగంటలో చేసే పనిని, మంచు గడ్డకట్టే చలిలో, మందపాటి గోడల వంటశాలలో, నెలల తరబడి చేసిన మనిషి నిలబడిన చోట నిలబడ్డాను. గంటసేపు ఉన్నాను. జీవశాస్త్రం చదివేవారు ట్యూబింగెన్ వెళ్తే మరేది మానుకున్నా ఇది మానుకోకండి.

జులై రెండో వారంలో ఎండ 35 డిగ్రీల దగ్గరికి పోయింది. పైకప్పు కింది గది, ఫ్యాను లేదు. పగలు కిటికీ బయటి చెక్క తెర పూర్తిగా దించి, రాత్రి పదికి అన్నీ తెరవమని ఆవిడ చెప్పిన చిట్కాతోనే నిద్రపోగలిగాను.

ఇక గది ఖాళీ చేసిన రోజు. జులై 31 ఉదయం తొమ్మిదికి యజమాని టార్చిలైటు పట్టుకుని వచ్చారు. దిగిన రోజు పది నిమిషాల్లో వెళ్లిన మనిషి ఈసారి గంటన్నర ఉన్నారు. పొయ్యి పక్క మూలలో, వంటబల్లకూ గోడకూ మధ్య తెల్లటి అతుకు మీద, రూపాయి బిళ్లంత పసుపు మరక చూశారు. ఆ మరక నాదే, ఒప్పుకుంటున్నాను. నిమ్మకాయ, వంటసోడా, వెనిగర్ అన్నీ పెట్టి రుద్దాను. పసుపు రంగు ఎండ తగిలితే వెలిసిపోతుంది, కానీ ఆ మూలకు ఎండ రాదు. ఆయన ఏమీ అనకుండా రాసుకుని వెళ్లిపోయారు. ఆగస్టు 14న, నేను హైదరాబాదులో ఉండగా, ఉత్తరం వచ్చింది. 600లో 340 మాత్రం తిరిగి ఇస్తున్నామని, వంటబల్ల పాలిషుకు 120, స్నానాలగది సున్నపు పొర తీయించడానికి 80, మెట్ల వంతు చేయనందుకు 60, మొత్తం 260 యూరోలు పట్టుకున్నామని అందులో ఉంది. ఒక్కదానికీ బిల్లు జత చేయలేదు. మెట్ల మాట చదివి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, చేసిన పని చేయలేదనిపించుకోవడం మరో ఎత్తు.

మా ల్యాబ్‌లోని పీహెచ్‌డీ విద్యార్థిని ఒకామె సాయంతో ప్రతి ఖర్చుకూ బిల్లు చూపమని, నేను రాక ముందున్న లోపాలకు నన్ను బాధ్యుణ్ణి చేయవద్దని ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాం. ఈమెయిలు మీద ఆధారపడకండి, అక్కడ చేతికందిన కాగితానికే విలువ. అంతకన్నా గట్టిగా పనిచేసింది పెద్దావిడ పంపిన కాగితాలు. ఆవిడ వంటింటి గోడ క్యాలెండరులో ఏ వారం మెట్లు ఏ అంతస్తుదో రాసుకుని, పని జరిగితే చిన్న టిక్కు పెట్టడం ఏళ్ల తరబడి అలవాటు. మే, జూన్, జులై పుటల నకళ్లు తీయించి, మా అంతస్తు వంతులన్నిటి పక్కనా టిక్కులు ఉన్నాయని, స్నానాలగది అద్దం మీది పొర పాత అద్దెదారుల కాలం నుంచీ ఉందని సంతకంతో రాసి, నేను అడగకుండానే యజమానికి పంపారు. అక్టోబరులో 140 యూరోలు వచ్చాయి. 120 ఆయన దగ్గరే ఉండిపోయాయి.

డిసెంబరులో ఆవిడ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పైన గదిలోకి పోర్చుగల్ అమ్మాయి దిగిందని, తాళాలు ఇచ్చే రోజునే తాను మెట్లెక్కి వెళ్లి ఆ అమ్మాయి చేత ప్రతి మూలా ఫోటో తీయించానని, వంటబల్లకు ఎవరూ పాలిషు పెట్టించలేదని, పసుపు మరక ఉన్నచోటే ఉందని రాశారు.